లాకు నిండేదాకా

కాలువ లాకు గోడ మీద నడుస్తున్నాను. కుడివైపు లోతు, ఎడమవైపు వార్డు కిటికీలు, కాళ్ళ కింద కాసేపు రాతి గోడ, కాసేపు ఆసుపత్రి వరండా గచ్చు. ఒకటి రెండోదిగా ఎక్కడ మారుతోందో చూద్దామని వంగితే నా కాళ్ళు మాత్రమే కనపడతాయి. ఎండ ఉంది, సూర్యుడు లేడు. చేతిలో క్యారియరు ఉంది. అది నాన్నకి తీసుకెళ్తున్నానని నాకు తెలుసు, నాన్న చనిపోయి రేపటికి ఏడాది అనీ తెలుసు, ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి అడ్డం రాకుండా నాతోపాటు నడుస్తున్నాయి.

నాన్న పైతలుపుల దగ్గర గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ నిక్కరు, చేతుల బనియను, తలకి తువ్వాలు. గొంతులో గొట్టం లేదు. అది ఉండాల్సిన చోట చర్మం మూసుకుని ఉంది, మాట మామూలుగా వస్తోంది, ఆ మాట విని చాలా కాలమైందని నా చెవులకి గుర్తొచ్చి నేను నిలబడిపోతాను.

"ఎంతసేపురా సోమూ. కిందనించి నడిచొత్తన్నావా?" అంటాడు.

"దారి మారిపోతోంది నాన్నా."

"దారేం మారదు. నువ్వే అటూ ఇటూ చూత్తన్నావు. క్యారియర్లో ఏంటి?"

"తెలీదు. అక్క కట్టింది."

"తాయారు కట్టిందంటే బీరకాయే. నేనాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మీచేత బీరకాయే తినిపించింది. నాకు ముక్కులో గొట్టం, తినే పని లేదు, వాసనొక్కటే వచ్చేది. దేవుడు మంచిపనే చేశాడనుకున్నా."

నవ్వి నా చేతిలోంచి క్యారియరు తీసుకుంటాడు, మూత తీస్తాడు. పై గిన్నెలో నీళ్ళు. కింది గిన్నెలో నీళ్ళు. అన్నిటికన్నా కింద ఉన్న గిన్నెలోనూ నీళ్ళే, అంచుదాకా, ఇంత దూరం నడిచినా తొణకలేదు. నాన్నకి ఆశ్చర్యం లేదు. ఒక్కో గిన్నే తీసి లాకులోకి వంపుతాడు, నీళ్ళు పడిన చప్పుడు పైకి రాదు.

ఈ లాకుల్లో తలుపులు తీసి మూసే లస్కరు ఆయన. కాలువ ఇక్కడ మెట్టు దిగినట్టు ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది, పడవ ఆ మెట్టు ఎక్కలేదు కాబట్టి మధ్యలో రాతి గోడలతో ఒక గది కట్టి, ఎగువన రెండు తలుపులు, దిగువన రెండు తలుపులు పెట్టారు. కింది నుంచి వచ్చిన పడవని గదిలోకి రానిచ్చి, వెనక తలుపులు మూసి, పైతలుపుల్లో ఉన్న తూముల్ని ఇనప హ్యాండిలుతో తిప్పి ఎత్తితే పైకాలువ నీళ్ళు లోపలికి వస్తాయి, గది నిండుతుంది, పడవ దానంతట అదే లేస్తుంది, లోపలి నీళ్ళూ పైకాలువ నీళ్ళూ ఒక మట్టానికి వచ్చాక తలుపులు తెరిస్తే పడవ వెళ్ళిపోతుంది. పడవని ఎవరూ లాగరు, ఎవరూ ఎత్తరు. నాన్న హ్యాండిలు తిప్పేవాడు, ఆగేవాడు, నీళ్ళ వంక చూసేవాడు, మళ్ళీ తిప్పేవాడు. మా చిన్నప్పుడే పడవలు ఆగిపోయాయి. రిటైరయ్యేదాకా ఆయన ఆ తలుపులకి గ్రీజు పెడుతూనే ఉన్నాడు.

"నిన్నొక మాట అడగాలి నాన్నా," అంటాను. "అమ్మ కోసం."

"మీ అమ్మేం చేత్తంది?"

"నీళ్ళు తాగట్లేదు."

నాన్న ఖాళీ గిన్నెల్ని ఒకదానిలో ఒకటి పెడుతున్నవాడు ఆగుతాడు.

"అన్నంలో చారు పోసుకుంటుంది, మజ్జిగ పోసుకుంటుంది. విడిగా నీళ్ళు మాత్రం గొంతు దిగనివ్వదు. నీ పెదాలకి దూదితో తడి పెట్టేది చూడు, ఆ సత్తు గిన్నె, దాంట్లోనే దూది ముంచుకుని తన పెదాలు తుడుచుకుంటుంది. పోయిన నెల కళ్ళు తిరిగి అరుగు మీద పడింది. సెలైను పెట్టించాం. డాక్టరు కోప్పడితే తల ఊపి ఇంటికొచ్చింది, వచ్చి మళ్ళీ అదే గిన్నె."

"ఎందుకంట?"

"నువ్వు నీళ్ళడిగావంట. తను ఇవ్వలేదంట. మీ నాన్న అడిగి అడిగి పోయాడు, నాకెట్టా దిగుద్దిరా అంటుంది."

నాన్న గోడ అంచుకి జరిగి, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని, నన్నూ కూర్చోమని పక్కన రాయి మీద చేత్తో తడతాడు. "కిందికి చూడు," అంటాడు.

చూస్తాను. లాకు అడుగున వార్డు ఉంది. మంచాలు రెండు వరసలుగా ఉన్నాయి, గోడల మీద నాచు ఉంది, సెలైను స్టాండ్లు ఉన్నాయి. కిటికీ పక్క మంచం మీద నాన్న పడుకుని ఉన్నాడు. నాన్న నా పక్కనా కూర్చుని ఉన్నాడు, అక్కడా పడుకుని ఉన్నాడు, ఇద్దరిలో ఎవరు నిజమని నాకు అడగబుద్ధి కాదు. పడుకున్న నాన్న గొంతులో గొట్టం ఉంది. కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. మిగతా ఒళ్ళు కదలదు. ఆ చెయ్యి పిడికిలి బిగుస్తుంది, మణికట్టు దగ్గర నెమ్మదిగా తిరుగుతుంది, ఆగుతుంది. ఆయన కళ్ళు తెరిచి పైకి చూస్తాడు. చెయ్యి మళ్ళీ తిరుగుతుంది.

ఎండల్లో చేర్పించాం, దీపావళి వెళ్ళేదాకా అక్కడే ఉన్నాడు, ఆ గొట్టం పెట్టిన దగ్గర్నుంచీ ఆయన మాకు చెప్పింది ఇదొక్కటే.

లాకు గోడ అంచు మీద, ఎదురుగా, మేం కనపడతాం. అక్క ఉంది, తమ్ముడు పండు ఉన్నాడు, అమ్మ ఉంది, నేనూ ఉన్నాను. అందరం అంచు మీద నిలబడి కిందికి చూస్తున్నాం. ఎవరు ఎప్పుడు కిందికి దిగుతున్నారో, ఎట్లా దిగుతున్నారో తెలీదు, మెట్లు లేవు, చూస్తూ ఉండగానే ఒకరు పైనుంచి మాయమై మంచం పక్కన ఉంటున్నారు. ముందు నేను ఉన్నాను. మంచం కాళ్ళ దగ్గరున్న హ్యాండిలు పట్టుకుని తిప్పుతున్నాను. తలవైపు లేస్తోంది. నాన్న కళ్ళు మూసుకుంటాడు. మళ్ళీ దించుతాను. చెయ్యి మళ్ళీ తిరుగుతుంది. మళ్ళీ ఎత్తుతాను. లాకుల్లో పుట్టినవాడికి తిరిగే చెయ్యి కనపడితే హ్యాండిలు తప్ప ఇంకేం గుర్తొస్తుంది? నర్సమ్మ వచ్చి నిలబడుతుంది. "మంచం అనుకున్నారా, బావి గిలక అనుకున్నారా? మీ తిప్పుడుకి పక్క మంచాల వాళ్ళకి కూడా కళ్ళు తిరుగుతున్నాయి," అంటుంది.

నా పక్కన కూర్చున్న నాన్న తొడ మీద కొట్టుకుని నవ్వుతాడు. "సంతలో రంగులరాట్నం ఎక్కినట్టుండేదిరా, నీ డ్యూటీ వచ్చిందంటే."

అక్క దిగుతుంది. చీర కొంగులోంచి చిన్న రేడియో తీసి, దాని చెవి తిప్పి నాన్న చెవి దగ్గర పెడుతుంది. నాన్న చెయ్యి తిరుగుతుంది. అక్క ఇంకో స్టేషను పెడుతుంది. పంటలకి మందు కొట్టడం గురించి ఎవరో చెబుతున్నారు. "నాన్న వింటున్నాడు, చూడండి, ఎంత శ్రద్ధగా వింటున్నాడో," అంటుంది అక్క, అంచు మీద ఉన్న మాతో.

"ఏం చేత్తాను, లేచి పోలేను కదా," అంటాడు పక్కనున్న నాన్న.

పండు దిగుతాడు. బండి తాళం నాన్న పిడికిట్లో పెడతాడు. "ఇంటికెళ్దాం, బండి తియ్యమంటున్నాడు, నాకర్థమైంది, మీకెవరికీ అర్థం కాలేదు," అని అరుస్తాడు. నాన్న పిడికిలి తెరుచుకుంటుంది, తాళం ఎగిరి మంచం కింద పడుతుంది. పండు నేల మీద బోర్లా పడుకుని వెతుక్కుంటాడు, ఒక కాలు బయటికి ఉంటుంది.

"వెధవ," అంటాడు నాన్న, ప్రేమగా. "ఆ తాళం కోసం సాయంత్రందాకా వెతికాడు."

లోపలికి ఒక్కరినే పంపేవారు. ఇంటికి ఒకటే పాసు, నీలం తాడుకి కట్టిన అట్టముక్క, ఎవరి మెడలో ఉంటే వాళ్ళు వార్డులో, మిగతావాళ్ళు మెట్ల కింద చాప మీద. అక్క కుట్టు మిషను మూసేసి వచ్చింది. పండు పంక్చర్ షాపు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. నేను ఏలూరులో సెలవు పెట్టి, సెలవైపోయాక శనాదివారాలు బస్సెక్కి వచ్చేవాణ్ణి. అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. పాసు మారేటప్పుడు ఇచ్చేవాళ్ళు తాడు వదలకుండా "అందిందా?" అని అడగాలి, తీసుకునేవాళ్ళు "అందింది" అనాలి, అప్పుడు వదలాలి. అది లాకుల అలవాటు. రెండు గోడలకీ కలిపి ఒకటే హ్యాండిలు ఉండేది. అవతలి గోడ మీద పనిచేసే చిట్టియ్య ఒకసారి నాన్న పట్టుకున్నాడనుకుని వదిలేస్తే అది లాకులో పడింది, ఈతగాళ్ళు దిగి తీశారు, పడవలు కిందే ఆగిపోయాయి. ఆనాటి నుంచి నోటితో అంటే తప్ప వదిలేది లేదని ఇద్దరూ అనుకున్నారు, ఆ అలవాటు మా ఇంట్లోకి వచ్చింది, పసిపిల్లని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకున్నా, పొయ్యి మీద గిన్నె దించి అందించినా మేం అలాగే అంటాం.

అక్కా పండూ అప్పటికి చాలా కాలంగా మాట్లాడుకోవడం లేదు. అక్క పెళ్ళిలో మా బావని పండు ఏదో అన్నాడు, అదేమిటో వాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఇప్పుడు అంచు మీద ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. అక్క మెడలోంచి పాసు తీసి చాపుతుంది. మొహం పక్కకి పెట్టుకుని "అందిందా?" అంటుంది. వాడు నేలవంక చూస్తూ "అందింది" అంటాడు. మళ్ళీ కాసేపటికి వాడు చాపుతాడు. ఆ రెండు మాటలే అటూ ఇటూ వెళ్తాయి. తర్వాత ఎప్పుడో, "అందింది" అన్నాక, వెళ్ళిపోబోతూ పండు "తిన్నావా?" అంటాడు. అక్క ఆగుతుంది. "నువ్వు తిన్నావా?" అంటుంది. ఇది జరిగినప్పుడు నేను మెట్ల మీద ఉన్నాను. అది ఇంత పెద్దగా వినపడలేదు. ఇప్పుడు లాకు గోడల మధ్య ఆ మాట తిరిగి తిరిగి వినపడుతోంది, అడుగున పడుకున్న నాన్న చెయ్యి గబగబా తిరుగుతోంది, నేను చూస్తుండగా మంచాల కాళ్ళ దగ్గర నేల తడిసి మెరుస్తోంది.

ఆ తర్వాత అమ్మ దిగుతుంది.

అమ్మ చేతిలో సత్తు గిన్నె. మంచం పక్కన నిలబడి, దూది ముంచి, పిండి, నాన్న పెదాల మీద పెడుతుంది. నాన్న చెయ్యి తిరుగుతుంది. అమ్మ ఆ చేతివంక చూస్తుంది. గిన్నెవంక చూస్తుంది. చుక్క కూడా పొయ్యకూడదని, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు చెప్పాడు, ఆ మాట విన్నప్పుడు మేమంతా ఉన్నాం. అమ్మ గిన్నె వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంటుంది, ఆయనకి కనపడకుండా. నాన్న చెయ్యి మళ్ళీ తిరుగుతుంది. "కుళాయి తిప్పమంటున్నాడు," అంటుంది అమ్మ, తలెత్తకుండా. "నీళ్ళు."

పక్కన కూర్చున్న నాన్న ఇప్పుడు నవ్వడం లేదు.

"ఆవిడ వేళ్ళు చల్లగా ఉండేవి," అంటాడు. "ఎండాకాలంలో కూడా."

"నువ్వు నీళ్ళడిగావా నాన్నా?"

నేను అడగడానికి వచ్చింది ఇదే. అడిగాక ఇక్కడ ఉన్నవన్నీ నిశ్శబ్దమవుతాయి, కిటికీలు, గోడలు, నేను. ఆయన అవునంటే అమ్మ దగ్గరికి ఏ మొహంతో వెళ్ళాలో నాకు తెలీదు.

"అడగడమేంటిరా," అంటాడు నాన్న. "నేనేమీ అడగలేదు."

"మరి ఆ చెయ్యి?"

"పని చేసుకుంటన్నా."

నాకు అర్థం కాలేదని ఆయనకి తెలుస్తుంది. చిన్నప్పుడు లెక్క రాకపోతే చూసినట్టు నావంక చూస్తాడు.

"మీరేమో పైన అంచు మీద నిలబడి కిందికి చూత్తన్నారు. నేనేమో అడుగుకెళ్ళిపోయా. అరిత్తే వినపడదు, అరవడానికి గొంతూ లేదు. పైకెట్టా రావడం? తూము ఎత్తుకున్నా. ఆ చెయ్యొక్కటే ఆడతంది కదా, దాంతోనే. రోజుకి కాత్త."

"మమ్మల్ని తిప్పమంటున్నావనుకున్నాం."

"మీకెందుకు తిప్పడం? మీకొచ్చా? మంచం తిప్పడమే రాలేదు నీకు."

"మరి నీళ్ళెక్కడివి?"

"పైకాలవవి. లాకుల్లో పుట్టి అడిగే మాటేనా అది?" అంటాడు. గోడ అంచున నాచు గోటితో గీకుతాడు. "మీరొచ్చి నిలబడ్డప్పుడు జోరుగా వచ్చేవి. తాయారూ చిన్నోడూ మాటాడుకున్న నాడు ఒక్కసారే జానెడు లేచాయి. నేనే హడలిపోయా."

అప్పుడు చూస్తాను. లాకు నిండుతోంది. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనపడదు, చప్పుడు లేదు, మంచాల కాళ్ళు మునుగుతాయి, మంచాలు నేల వదులుతాయి. ఒకటి కాదు. రెండు వరసలూ లేస్తున్నాయి, వార్డు మొత్తం లేస్తోంది, పక్క మంచం మీద తాడి చెట్టు నుంచి పడినాయన, ఎదుటి మంచం మీద ఎప్పుడూ కళ్ళు తెరవని ఆవిడ, పేర్లు తెలీనివాళ్ళు, మేం ఎన్నడూ పలకరించనివాళ్ళు, వాళ్ళందరి చేతులూ దుప్పట్ల మీద ఉన్నాయి, అందరి చేతులూ తిరుగుతున్నాయి. ఒకరిది వేలు మాత్రమే. ఒకరిది కనురెప్ప. ఆగుతారు, చూస్తారు, మళ్ళీ తిప్పుతారు. ఇన్నాళ్ళు వాళ్ళ మధ్య తిరిగాను, కాళ్ళు అడ్డం వస్తున్నాయని విసుక్కున్నాను, ఇంతమంది ఇంత పని చేస్తున్నారని నాకు తెలియలేదు. లేచి నిలబడతాను. నిలబడాలని ఎవరూ చెప్పలేదు.

"తొందరపడకూడదు," అంటాడు నాన్న. ఆయన నీళ్ళవంకే చూస్తున్నాడు, నా చిన్నప్పుడు చూసినట్టే. "తూము ఒక్కసారి ఎత్తేత్తే పడవ గోడకి కొట్టుకుద్ది. మీరేమో డాక్టరు కనపడితే చాలు, ఎన్నాళ్ళు, ఎన్నాళ్ళు అని. ఆయనేం చెప్తాడు పాపం. ఆయన లాకుల్లో పని చేశాడా?"

"ఎన్నాళ్ళు నాన్నా?"

"లాకు నిండేదాకా."

మంచాలు మా పాదాల దగ్గరికి వస్తాయి. కిటికీ పక్క మంచం గోడ అంచుకి వచ్చి, రాయిని తాకకుండా ఆగుతుంది. దాని మీద ఎవరూ లేరు. దుప్పటి మడతపెట్టి ఉంది. తలుపుల అవతల పైకాలువ కనపడుతోంది, చిన్నప్పుడు కూడా అంత దూరం కనపడలేదు, రెండు గట్ల మధ్య నీళ్ళు ఆకాశందాకా ఒకే మట్టంగా ఉన్నాయి, ఎక్కడా మెట్టు లేదు. అవతలి గోడ మీద చిట్టియ్య నిలబడి ఉన్నాడు. నేను పెద్దవాణ్ణి కాకముందే పోయినవాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేక వేస్తాడు.

"మట్టం కలిసిందిరో నూకరాజూ!"

"వత్తన్నా, వత్తన్నా," అంటాడు నాన్న. నిలబడి, నిక్కరుకి చేతులు తుడుచుకుంటాడు. ఆయన చేతిలో హ్యాండిలు ఉంది, ఇంతసేపూ ఎక్కడుందో నేను చూడలేదు. పిడి అరిగి నల్లగా ఉంది, గ్రీజు ఉంది.

"అమ్మకి ఏం చెప్పను?"

"చూసింది చెప్పు."

"నమ్మదు. కలగన్నావంటుంది."

"కలే కదరా మరి. నమ్మకపోతే ఇది చేతికియ్యి." హ్యాండిలు నావైపు చాపుతాడు. "పట్టు. అందిందా?"

రెండు చేతులా పట్టుకుంటాను. చల్లగా, బరువుగా ఉంది. నాన్న వేళ్ళు ఇంకా దాని మీద ఉన్నాయి, నా వేళ్ళ పక్కనే. నేను ఆ మాట అంటే ఆయన వదులుతాడు. వదిలితే తలుపులు తెరుచుకుంటాయి. ఆయన ఎప్పుడూ ఇంత దగ్గరగా నిలబడలేదు, గ్రీజు వాసనా చుట్ట వాసనా కలిసి వస్తున్నాయి. నేను తల ఊపుతాను.

"తల ఊపితే చాలదు. నోటితో అనాలి. అందిందా?"

నోరు తెరుస్తాను. గొంతులో ఏదో అడ్డం ఉంది, గొట్టంలాంటిది, ఊపిరి వస్తుంది గానీ మాట రాదు. నాన్న తొందరపెట్టడు. చిట్టియ్య మళ్ళీ కేక వేస్తాడు. నాన్న అటు చూడడు.

"ఉంటాలే," అంటాడు. "నువ్వు అనేదాకా ఉంటా. ఎండలో నిలబెట్టమాక, అంతే."

మళ్ళీ నోరు తెరుస్తాను, ఈసారి మాట నాలిక దాకా వస్తుంది, నీళ్ళ చప్పుడు మొదలవుతుంది, ఇంతసేపూ చప్పుడు చెయ్యని నీళ్ళు ఇప్పుడు రాతి మీద పడుతున్నట్టు పెద్దగా వినపడుతున్నాయి, హ్యాండిలు నా చేతుల్లో లేదు, వెలుతురు కళ్ళలో పడుతోంది.

అమ్మ ఇంటి అరుగు మీద, నవారు మంచం మీద ఉన్నాను. పొద్దు పొడిచింది. పెరట్లో పంచాయతీ కుళాయి వచ్చింది, నీళ్ళు గోళెంలో పడుతున్నాయి. రేపు సంవత్సరీకమని నిన్న సాయంత్రం గోళెం కడిగి ఖాళీగా ఉంచాం. అక్కా పండూ ఒకే బస్సులో వస్తున్నారు. అమ్మ గోళెం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని తోటకూర గిల్లుతోంది. పెదాలు పగిలి ఉన్నాయి.

"లేచావా. కుళాయి కట్టెయ్యరా, పొర్లిపోద్ది," అంది నన్ను చూసి.

వెళ్ళాను. గోళెం నిండింది. నీళ్ళ మీద సత్తు గిన్నె ఉంది. నిన్న కడిగేటప్పుడు అడుగున మర్చిపోయి ఉంటాం. ఖాళీ గిన్నె, ఎవరూ తియ్యకుండా, నీళ్ళతో పాటు లేచి, అంచు దగ్గరికి వచ్చి, సిమెంటుకి తాకకుండా తిరుగుతోంది.

కుళాయి కట్టేశాను. మణికట్టు తిరగడం అమ్మ చూసింది. నేనూ చూసుకున్నాను.

"అమ్మా," అన్నాను. మాట రెండోసారికి వచ్చింది. "నాన్న నీళ్ళడగలేదే."

"నీకెవరు చెప్పారు?"

"నాన్నే. ఇప్పుడే."

అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. తోటకూర ఒళ్ళో పెట్టుకుని నావంక చూసింది. "మరేం చేశాడంట ఆ చేత్తో?"

"తూము ఎత్తుకున్నాడంట. పైకి రావాలని. మనల్నేం అడగలేదంట."

గోళెంలో గిన్నె ఇంకా తిరుగుతోంది. ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి, గాలిలో నెమ్మదిగా తిరిగి, ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఆగి ఆగి తిప్పేవాడు," అంది. నాతో అన్నట్టు లేదు. "తిప్పి, ఆగి, కళ్ళు తెరిచి చూసేవాడు. దాహం వేసినోడు అట్టా ఆగుతాడా?"

గిన్నె నీళ్ళలో ముంచి తీశాను. చుట్టూ కారుతుండగా ఆమె ముందు చాపాను. అమ్మ రెండు చేతులా పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. నేను వదల్లేదు.

"అందిందా?" అన్నాను.

అమ్మ గిన్నెలోకి చూసింది, నా చేతులవంక చూసింది, ఆ తర్వాత నా భుజం మీదుగా పెరడు దాటి, కాలువ గట్టువైపు చూసింది.

"అందింది," అంది.